పురిటి మేఘాన్ని చెక్కే నక్షత్రాలు

పాలపుంతలో నక్షత్రాలు పుట్టడానికి కావలసిన ముడిసరుకుకు కొదవలేదు. చల్లని, చిక్కని మేఘాల రూపంలో ఉన్న వాయువు ఒక్కటే దాదాపు వంద కోట్ల సూర్యుల ద్రవ్యరాశికి సాటి అని ఖగోళశాస్త్రజ్ఞుల అంచనా. ఆ మేఘాలు ఏ అడ్డూ లేకుండా తమ బరువుకు తామే కుంగిపోతే అందుకు పట్టే కాలం కొన్ని పదుల లక్షల సంవత్సరాలే కాబట్టి, లెక్క ప్రకారం మన గెలాక్సీలో ఏటా రెండు వందల సూర్యుల పాటి ద్రవ్యం నక్షత్రాలుగా మారుతూ ఉండాలి. వాస్తవంలో మారుతున్నది ఏటా రెండు సూర్యుల పాటి ద్రవ్యం మాత్రమే, అంటే అంచనాలో నూరవ వంతు.

ఈ తేడా 1970ల నుంచి శాస్త్రజ్ఞులను వేధిస్తూ వస్తున్నది. మేఘాల లోపలి అల్లకల్లోలమైన చలనాలూ, వాటిని అల్లుకొని ఉన్న అయస్కాంత క్షేత్రాలూ కుంగుబాటును కొంతమేరకు ఆపుతాయన్నది నిజమే గాని, ఇటీవలి దశాబ్దాలలో పోగుపడిన పరిశీలనలు మరో కారణాన్ని ముందుకు తెచ్చాయి. ఒక మేఘంలో ముందుగా పుట్టిన నక్షత్రాలు, మిగిలిన ద్రవ్యం నక్షత్రాలుగా మారకముందే, తమ వెలుగుతోనూ గాలితోనూ ఆ మేఘాన్ని తొలిచి, కాల్చి, చెదరగొడుతున్నాయి. మేఘం సంతానం ఎంతమందితో ఆగిపోతుందన్న సంగతి మేఘంలో మిగిలిన సరుకు మీద కంటే, అందులో మొదటి భారీ నక్షత్రం ఎప్పుడు, ఏ మూల వెలిగిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతున్నట్టు కనిపిస్తున్నది. ఈ కథ నడిచే తీరును దగ్గరగా చూడడానికి ఓరియన్ మండలానికి మించిన చోటు లేదు. పంచాంగంలోని మృగశిర, ఆర్ద్ర నక్షత్రాలు రెండూ ఇమిడి ఉన్న ఈ మండలం భారీ నక్షత్రాలు ఇప్పటికీ పుడుతున్న ప్రాంతాలలో భూమికి బాగా దగ్గరిది.

అయితే ముందు మేఘమంటే ఏమిటో తెలియాలి. నక్షత్రాల మధ్య ఖాళీ అనుకునే చోట పలచని వాయువు పరచుకొని ఉంటుంది. అది అక్కడక్కడ చిక్కబడి, చల్లబడి, హైడ్రోజన్ పరమాణువులు రెండేసి చొప్పున కలిసి అణువులుగా మారినప్పుడు ఏర్పడేదాన్ని అణుమేఘం అంటారు. చిక్కని మేఘమన్నా, ఘన సెంటీమీటరుకు అందులో ఉండేవి వందల నుంచి వేల అణువులు మాత్రమే. భూమి మీద అంతే జాగాలోని గాలిలో కోటి కోట్లకు లక్షల రెట్ల అణువులుంటాయి కాబట్టి, ప్రయోగశాలల్లో మామూలుగా సాధించే శూన్యం కూడా ఈ మేఘం కంటే దట్టంగానే ఉంటుంది. మేఘం లోపలి ఉష్ణోగ్రత పరమశూన్యానికి పది డిగ్రీలు మాత్రమే ఎక్కువ, అంటే మైనస్ 263 డిగ్రీల సెల్సియస్ దాకా. అంత చలిలో వాయువుకు పీడనం దాదాపు ఉండదు గనుక, తగినంత ద్రవ్యం ఒకచోట చేరితే గురుత్వాకర్షణదే పైచేయి అవుతుంది.

ఈ మేఘాల ద్రవ్యరాశిలో ధూళి వాటా నూటికి ఒక పాలు. ధూళి అంటే ఇసుకలోని సిలికేట్ల వంటివీ, కార్బన్‌తో కూడినవీ అయిన రేణువులు; ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదివేలవ వంతు పరిమాణంలో ఉంటుంది. వాటా చిన్నదే అయినా పెత్తనమంతా దానిదే అనడం అతిశయోక్తి కాదు. బయటి నక్షత్రాల వెలుగును మింగి మేఘం లోపల చీకటినీ చలినీ కాపాడేది ధూళే; విడి హైడ్రోజన్ పరమాణువులు వచ్చి వాలి, జత కట్టి, అణువులై లేచిపోయే వేదిక కూడా ధూళి రేణువు ఉపరితలమే. విలియం హెర్షెల్ కాలంలో ఆకాశంలోని నల్లని మచ్చలను నక్షత్రాలు లేని ఖాళీలుగా భావించేవారు. ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ ఏళ్ల తరబడి తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా 1919లో అటువంటి మచ్చల జాబితా ప్రచురించాడు. 1930లో రాబర్ట్ ట్రంప్లర్ దూరపు నక్షత్రగుచ్ఛాల వెలుగు ఉండవలసినదాని కంటే మసకగా ఉన్నదని లెక్కగట్టి, నక్షత్రాల మధ్య ధూళి వ్యాపించి ఉందని రుజువు చేశాడు. హైడ్రోజన్ అణువు అంత చలిలో ఏ సంకేతమూ పంపదు కాబట్టి, మేఘాలలో దానితోపాటే ఉండే కార్బన్ మోనాక్సైడ్ పంపే రేడియో తరంగాలను పట్టి అణుమేఘాల పటాలు గీస్తారు. ఆ తరంగాలు మొట్టమొదట దొరికింది కూడా ఓరియన్‌లోనే. విశ్వమంతటా నిండిన నేపథ్య వికిరణాన్ని అంతకుముందే కనుగొన్న రాబర్ట్ విల్సన్, ఆర్నో పెన్జియాస్‌లు కీత్ జెఫర్ట్స్‌తో కలిసి 1970లో వాటిని గుర్తించారు.

మేఘంలోని ఒక ముద్ద కుంగిపోతున్నప్పుడు దానిలో ముందునుంచీ ఉన్న కొద్దిపాటి భ్రమణం వేగం పుంజుకొని, ద్రవ్యమంతా నేరుగా నడిమికి చేరలేక, చుట్టూ పళ్లెంలా పరచుకుంటుంది. ఆ పళ్లెం నుంచి ద్రవ్యం మెల్లగా లోపలికి జారుతూ పసినక్షత్రాన్ని పెంచుతుంది. గ్రహాలు తయారయ్యేది కూడా ఆ పళ్లెంలోనే. ఇక్కడే తొలి తిరుగుబాటు మొదలవుతుంది. లోపలికి జారే ద్రవ్యంలో కొంత భాగాన్ని అయస్కాంత క్షేత్రం పట్టి, పళ్లేనికి లంబంగా రెండు వైపులకూ సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో చిమ్ముతుంది. ఈ ధారలు మేఘాన్ని ఢీకొన్నచోట వాయువు వేడెక్కి చిన్న చిన్న వెలుగు ముద్దలుగా కనిపిస్తుంది. వీటిని 1940ల చివర, 1950ల మొదట్లో విడివిడిగా పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జ్ హెర్బిగ్, మెక్సికో శాస్త్రజ్ఞుడు గిల్యెర్మో ఆరో పేర్ల మీద హెర్బిగ్-ఆరో వస్తువులని పిలుస్తారు. ఆ జాబితాలో మొదటి రెండు అంకెలు పొందినవీ ఓరియన్‌లోనివే. సూర్యుని వంటి చిన్న నక్షత్రం చేయగలిగిన అలజడి దాదాపు ఇంతటితో సరి. ధారలు చుట్టూ ఉన్న ముద్దను కొంత ఊడ్చి, మేఘంలో కలకలం రేపి, కుంగుబాటును మందగింపజేస్తాయే గాని, మొత్తం మేఘాన్ని చెదరగొట్టే శక్తి వాటికి లేదు.

ఆ శక్తి భారీ నక్షత్రాలది. సూర్యుని కంటే ఎనిమిది రెట్లకు మించిన ద్రవ్యరాశి గల నక్షత్రాలు అరుదు, వాటి ఆయుష్షూ తక్కువే. అయినా మేఘం తలరాత వాటి చేతిలోనే ఉంటుంది. సూర్యుని ఉపరితలం 5,500 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉంటే ఇటువంటి నక్షత్రాలలో పెద్దవాటి ఉపరితలం 30,000 డిగ్రీలను దాటి, వాటి వెలుగులో అధికభాగం కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలుగా వెలువడుతుంది. వాటిలో తరంగదైర్ఘ్యం 91 నానోమీటర్ల కంటే తక్కువైన కిరణాలకు హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికే బలం ఉంటుంది. ఇలా ఎలక్ట్రాన్లు ఊడి, వాయువు విద్యుదావేశం పొందడాన్ని అయనీకరణం అంటారు. ఒక నక్షత్రం తన చుట్టూ ఎంత దూరం దాకా వాయువును అయనీకరించగలదో 1939లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు బెంగ్ట్ స్ట్రోమ్‌గ్రెన్ గణించాడు. ఆ గోళం లోపల వాయువు ఉష్ణోగ్రత పరమశూన్యం మీద పది డిగ్రీల నుంచి ఒక్కసారిగా దాదాపు పదివేల డిగ్రీలకు చేరుతుంది. దానితోపాటు పీడనమూ వేల రెట్లు పెరిగి, ఆ వేడి బుడగ చుట్టూ ఉన్న చల్లని మేఘాన్ని నెట్టుకుంటూ సెకనుకు పది కిలోమీటర్ల స్థాయి వేగంతో వ్యాకోచిస్తుంది.

ఓరియన్ నడుమున వరుసగా మెరిసే మూడు చుక్కల కింద, వేటగాని కత్తిగా భావించే చిన్న చుక్కల వరుసలో నడిమి చుక్క కొంచెం చెదిరినట్టు కనిపిస్తుంది. అదే ఓరియన్ నీహారిక, మెస్సియర్ జాబితాలో 42వది, భూమికి సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. 1610లో ఫ్రాన్స్‌కు చెందిన నికొలా ద పెరెస్క్ దూరదర్శినితో దీన్ని గుర్తించగా, అదే కాలంలో ఓరియన్‌లోని ఎన్నో కొత్త చుక్కలను లెక్కించిన గెలీలియో నీహారిక ఊసే ఎత్తకపోవడం నేటికీ వింతగానే చెప్పుకుంటారు. 1656లో క్రిస్టియాన్ హైగెన్స్ దాన్ని చూసి, గీసిన బొమ్మను 1659లో శనిగ్రహం మీద రాసిన గ్రంథంలో అచ్చువేశాడు. అది దూరాన ఉన్న నక్షత్రాల గుంపా లేక నిజంగా వాయువేనా అన్న వాదం మరో రెండు శతాబ్దాలు నడిచింది. 1860ల మధ్యలో లండన్‌లో విలియం హగిన్స్ నీహారిక వెలుగును పట్టకంతో విడదీసి చూసినప్పుడు నక్షత్రాలలో కనిపించే రంగుల పట్టీకి బదులు విడివిడి గీతలు మాత్రమే కనిపించాయి. అటువంటి వర్ణపటం వేడి వాయువుకే సాధ్యం. ఆ గీతలలో ఒక ఆకుపచ్చ జంట భూమి మీద ఏ మూలకానికీ సరిపోలక, దానికి నెబ్యూలియం అనే కొత్త మూలకాన్నే ఊహించవలసి వచ్చింది. 1927లో ఐరా బోవెన్, అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మామూలు ఆక్సిజనేనని తేల్చేదాకా ఆ ఊహ నిలిచింది. ఆక్సిజన్ నుంచి రెండు ఎలక్ట్రాన్లను లాగేయగల వేడి నక్షత్రం అక్కడ ఎక్కడో ఉండాలన్నమాట.

ఆ నక్షత్రం నీహారిక నడిబొడ్డునే ఉంది. ట్రపీజియం అనే నాలుగు నక్షత్రాల గుంపులో పెద్దదైన తీటా-1 ఓరియనిస్ సి ద్రవ్యరాశి సూర్యునికి 30 రెట్లకు పైబడినది. దాని ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 39,000 డిగ్రీలు, నీహారికను వెలిగించే అతినీలలోహిత కిరణాలలో సింహభాగం ఈ ఒక్కదానిదే. చుట్టూ పోగైన గుంపులో రెండువేలకు మించిన నక్షత్రాలున్నా, వాటి సగటు వయస్సు పది ఇరవై లక్షల సంవత్సరాలే అయినా, మేఘంతో పోరాడుతున్నది ప్రధానంగా ఇదే. ఓరియన్ నీహారికను మేఘమని పిలవడం అలవాటైపోయింది గాని, నిజానికి అది మేఘానికి తగిలిన గాయం. అసలైన అణుమేఘం దాని వెనుక, కంటికి కనిపించని చీకటిలో, పదుల వేల సూర్యుల ద్రవ్యంతో విస్తరించి ఉంది. తీటా-1 సి ఆ మేఘానికి భూమివైపు ఉన్న అంచు దగ్గర పుట్టడం వల్ల, దాని కిరణాలు తొలిచిన గుంట మనవైపు పగిలి తెరుచుకుంది, లోపలి గోడ వెలుగుతూ కనిపిస్తున్నది. గోడ నుంచి కాలి లేచిన వాయువు తెరిచిన వైపుగా, అంటే దాదాపు మనవైపుగా, సెకనుకు పది కిలోమీటర్ల స్థాయి వేగంతో ప్రవహిస్తున్నది. ఈ నక్షత్రం మేఘం నట్టనడుమ పుట్టి ఉంటే, అదే నీహారిక మందపాటి ధూళి వెనుక పరారుణ, రేడియో దూరదర్శినులకు మాత్రమే చిక్కే వస్తువుగా మిగిలిపోయేది.

ఇంతవరకు చెప్పినది వెలుగు పని. చాలాకాలం పాఠ్యపుస్తకాలు అక్కడితోనే ఆగేవి. భారీ నక్షత్రం నుంచి వెలువడే నాక్షత్ర పవనం, అంటే దాని ఉపరితలం నుంచి సెకనుకు వేయి కిలోమీటర్లను మించిన వేగంతో నిరంతరం ఊడిపోయే ద్రవ్యప్రవాహం, పెద్దగా లెక్కలోకి వచ్చేది కాదు. సూర్యుని నుంచీ అటువంటి గాలి వీస్తుంది గాని, తీటా-1 సి గాలి మోసుకుపోయే ద్రవ్యం దానికి కోటి రెట్ల స్థాయిలో ఉంటుంది. ఆ గాలి చుట్టుపక్కల వాయువును ఢీకొని లక్షల డిగ్రీల వేడికి ఎగబాకుతుంది. 2008లో యూరప్ వారి ఎక్స్‌కిరణ ఉపగ్రహం ఎక్స్‌ఎంఎం-న్యూటన్, నీహారికలో అప్పటిదాకా ఖాళీగా కనిపించిన భాగమంతా దాదాపు ఇరవై లక్షల డిగ్రీల వేడి వాయువుతో నిండి ఉందని చూపింది. ఆ వాయువు ఊరికే కూర్చోలేదని తేలడానికి మరో పదేళ్లు పట్టింది.

ఆ సంగతి తేల్చినది సోఫియా అనే ఎగిరే వేధశాల. బోయింగ్ 747 విమానం పక్కభాగంలో పెద్ద తలుపు తెరిచి, లోపల సుమారు రెండున్నర మీటర్ల దర్పణం గల దూరదర్శినిని అమర్చి, అమెరికా, జర్మనీ సంస్థలు కలిసి 2022 వరకు నడిపిన ఈ వేధశాల, వాతావరణంలోని నీటి ఆవిరికి పైన ఎగురుతూ నేల మీదికి చేరని పరారుణ కిరణాలను పట్టేది. ఒక ఎలక్ట్రాన్ పోయిన కార్బన్ 158 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలువరించే కిరణంతో ఓరియన్ మీద విస్తృతమైన పటం గీసి, కిరణం రంగులోని స్వల్పమైన మార్పును బట్టి వాయువు ఏ వేగంతో ఎటు కదులుతున్నదో కొలిచారు. కర్నేలియా పాబ్స్ట్ బృందం 2019లో నేచర్ పత్రికలో ప్రకటించిన ఫలితం ప్రకారం, ట్రపీజియం ముందు దాదాపు 13 కాంతి సంవత్సరాల వ్యాసం గల బుడగ ఒకటి సెకనుకు 13 కిలోమీటర్ల వేగంతో ఉబ్బుతున్నది. దాని పెంకులో వేయి సూర్యులకు మించిన ద్రవ్యం ఊడ్చుకుపోయి చేరింది. దాన్ని ఉబ్బిస్తున్నది ప్రధానంగా తీటా-1 సి గాలేననీ, ఈ మేఘం విషయంలో అయనీకరణం కంటే, ఆ నక్షత్రం చివరికి సూపర్‌నోవాగా పేలినప్పుడు కలగబోయే నష్టం కంటే కూడా గాలి చేసే విధ్వంసమే ఎక్కువనీ ఆ బృందం వాదించింది. ప్రతి నీహారికలోనూ ఇదే వరుస ఉంటుందని చెప్పడం తొందరపాటే అవుతుంది. మరికొన్ని చోట్ల పెంకు పగిలి వేడి వాయువు బయటికి కారిపోయి, గాలి బలం సగంలోనే చల్లారిన ఆనవాళ్లున్నాయి. అయినా సూపర్‌నోవాయే మేఘాలను చెదరగొడుతుందనే పాత నమ్మకానికి ఈ పరిశీలన గట్టి దెబ్బ. భారీ నక్షత్రం పేలడానికి కొన్ని పదుల లక్షల సంవత్సరాలు పడుతుంది. అప్పటికి పేలుడు చెదరగొట్టవలసిన మేఘం చాలాచోట్ల మిగిలి ఉండదు. అరవై లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 300 గెలాక్సీ మీద అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనం, భారీ నక్షత్రాలు వెలిగాక పదిహేను లక్షల సంవత్సరాలలోపే మేఘాలు చెదిరిపోతున్నాయనీ, అప్పటికి వాటి ద్రవ్యంలో నూటికి రెండు మూడు పాళ్లే నక్షత్రాలుగా మారుతున్నాయనీ లెక్కతేల్చింది.

ఈ రణంలో ధూళి ఏ పక్షాన ఉంటుందన్న ప్రశ్నకు సూటి సమాధానం లేదు. భారీ నక్షత్రం పెరుగుతున్న దశలో ధూళి దానికే ఎదురు తిరుగుతుంది. వెలుగుకు అతి స్వల్పమైన తోపుడు బలం ఉంటుంది. వాయువు ఆ తోపును పెద్దగా పట్టించుకోకపోయినా, వెలుగును మింగే ధూళి రేణువులు దాన్ని పూర్తిగా అందుకొని వెనక్కి జరుగుతూ, తమతోపాటు వాయువునూ లాక్కుపోతాయి. సుమారు ఇరవై సూర్యుల ద్రవ్యరాశిని దాటాక ఈ తోపు వల్ల నక్షత్రం ఇక పెరగలేదని 1970లలో లెక్కలు చెప్పేవి. అంతకు ఎన్నో రెట్ల నక్షత్రాలు కళ్లెదుట ఉన్నప్పుడు ఆ లెక్కలో ఏదో లోటు ఉన్నట్టే. ద్రవ్యం పళ్లెం గుండా పక్కనుంచి చేరుతుంటే, వెలుగు పైకీ కిందికీ దారి చేసుకొని జారిపోతుందని తరువాతి కంప్యూటర్ అనుకరణలు చూపాయి. నక్షత్రానికి మరీ దగ్గరకు చేరిన రేణువులు 1,500 డిగ్రీల వేడి దగ్గర ఆవిరైపోతాయి. అయనీకరణం చేయలేని బలహీనమైన అతినీలలోహిత కిరణాలు అంతకంటే దూరం చొచ్చుకుపోయి ధూళి రేణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఎగరగొడతాయి. 1905లో ఐన్‌స్టీన్ వివరించిన కాంతివిద్యుత్ ఫలితం ఇదే. ఎగిరిన ఎలక్ట్రాన్లు చుట్టూ ఉన్న వాయువును గుద్దుకుంటూ దాన్ని వేడెక్కిస్తాయి. కాబట్టి మేఘాన్ని చల్లగా కాపాడిన ధూళే, నక్షత్రం వెలిగిన తరువాత దాన్ని వేడెక్కించే పనిముట్టుగా మారుతుంది. ఓరియన్ నీహారికలో ట్రపీజియానికి ఆగ్నేయంగా కనిపించే ఓరియన్ కడ్డీ అనే వెలుగు గోడ ఈ మార్పిడి జరిగే సరిహద్దు. అక్కడ కొద్ది దూరం లోపలే అయనీకరించిన వాయువు, మామూలు పరమాణువులు, అణువులు పొరలు పొరలుగా పేర్చినట్టుంటాయి.

మేఘం అంతటా ఒకే చిక్కదనంతో ఉండదు గనుక, అది చెదిరే తీరూ ఒకేలా ఉండదు. పలచని చోట్లు ముందు ఎగిరిపోతాయి. చిక్కని ముద్ద ఒకటి కిరణాలకు అడ్డుపడితే, వరదలో కదలని బండరాయి వెనుక ఇసుక మేట నిలిచినట్టు, దాని నీడలోని ద్రవ్యం మాత్రం మిగిలి, నక్షత్రం వైపు తల పెట్టిన స్తంభంలా రూపుదిద్దుకుంటుంది. గరుడ నీహారికలోని సృష్టి స్తంభాలు ఇలా ఏర్పడినవే. సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలోని వాటిని 1995లో హబుల్ దూరదర్శినితో జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్‌లు తీసిన చిత్రం లోకమంతా తిరిగింది. 2022లో జేమ్స్ వెబ్ దూరదర్శిని పరారుణ కిరణాలలో వాటిని చూసినప్పుడు ధూళి దాదాపు పారదర్శకమై, లోపల దాగిన పసినక్షత్రాలు ఎర్రగా బయటపడ్డాయి. స్తంభాలు కరుగుతున్న వేగాన్ని చిలీలోని పెద్ద దూరదర్శినితో 2015లో కొలిచినవారు, అవి మరో ముప్పై లక్షల సంవత్సరాల కంటే నిలవవని అంచనా వేశారు. ఓరియన్‌లోనే ఉన్న గుర్రపు తల నీహారిక ఈ కోవకు చెందినదే. హార్వర్డ్ వేధశాలలో పనిచేసిన విలియమినా ఫ్లెమింగ్ 1888 నాటి ఛాయాచిత్ర ఫలకం మీద దాన్ని గుర్తించింది. దాని వెనుక ఎర్రని తెరను వెలిగించి, దాని అంచులను అరగదీస్తున్నది సిగ్మా ఓరియనిస్ అనే వేడి నక్షత్రం.

అన్ని గాయాలూ నెమ్మదిగా తగిలేవి కావు. ట్రపీజియం వెనుక, మేఘం లోపలి భాగంలో, 1960లలో పరారుణ పరిశీలనలతో బయటపడిన బెక్లిన్-నాయగెబావర్ వస్తువు చుట్టూ వాయువు వందల వేళ్లుగా అన్ని దిక్కులకూ చిమ్ముకుపోతున్నది. ఆ వేళ్లను వెనక్కి గుణిస్తూ పోతే, అన్నీ సుమారు 500 ఏళ్ల కిందట ఒకే చోట నుంచి బయలుదేరినట్టు తేలుతుంది. పసినక్షత్రాలు కొన్ని ఒకదానికొకటి మరీ దగ్గరగా వచ్చి, బహుశా రెండు ఢీకొని, మిగిలినవి విసిరేసినట్టు దూరమైనప్పుడు ఈ పేలుడు జరిగిందని భావిస్తున్నారు. చిలీలోని ఆల్మా రేడియో దూరదర్శినుల సముదాయం 2017లో ఇచ్చిన చిత్రాల ప్రకారం, సూర్యుడు కోటి సంవత్సరాలలో వెలువరించే శక్తి ఆ ఒక్క పేలుడులో విడుదలైంది.

మేఘాల కుంగుబాటును కొంతమేరకు ఆపే అయస్కాంత క్షేత్రాన్ని కొలవడంలోనూ ధూళే ఆధారం. పొడవాటి రేణువులు ఆ క్షేత్రానికి అడ్డంగా నిలుస్తాయి కాబట్టి, వాటి నుంచి వచ్చే వెలుగు ఒక దిశలో కొంత ఎక్కువగా కంపిస్తుంది. ఆ దిశలు ఎంత చెదిరి ఉన్నాయో చూసి క్షేత్రం బలాన్ని అంచనా వేసే పద్ధతిని 1953లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, ఎన్రికో ఫెర్మి ప్రతిపాదించారు. డెబ్బై ఏళ్లు గడిచినా ఓరియన్ మేఘం మీద నేటి బృందాలు వాడుతున్నది దాని సవరించిన రూపాలనే.

చెదరగొట్టడంతోనే కథ ముగిస్తే సగమే చెప్పినట్టవుతుంది. ఊడ్చుకుపోయిన ద్రవ్యం బుడగ పెంకులో చిక్కబడి, మళ్లీ కుంగి, కొత్త నక్షత్రాలకు జన్మనివ్వవచ్చునని 1977లో బ్రూస్ ఎల్మెగ్రీన్, చార్లెస్ లాడా ప్రతిపాదించారు. ఓరియన్‌లో నక్షత్ర బృందాలు ఒక పక్కన పెద్ద వయసువీ, మరో పక్కకు పోతున్నకొద్దీ పసివీ అయి, అంచెలంచెలుగా మేఘంలోకి జరుగుతున్నట్టు కనిపించడం ఈ వాదానికి బలమైంది. దీనికి మరో మంచి తార్కాణం మృగశిరే. ఓరియన్ తలలోని లాంబ్డా ఓరియనిస్, అంటే మృగశిర నక్షత్రానికి గుర్తుగా చూపే మూడు చుక్కలలో పెద్దది, యాభై లక్షల ఏళ్లకు మించని వయస్సు గల వేడి నక్షత్రం. దాని చుట్టూ చందమామ బింబానికి పది రెట్లకు మించిన వెడల్పుతో వాయువు, ధూళి కలిసిన వలయం ఉన్నా, అది ఒట్టి కంటికి కనిపించదు. వలయం లోపల మేఘం దాదాపు మిగలలేదు. ఆ నక్షత్రానికి తోడుగా ఉండిన మరో భారీ నక్షత్రం సుమారు పది లక్షల ఏళ్ల కిందట పేలి, అంతా ఊడ్చివేసి ఉంటుందని పలువురి అభిప్రాయం. వలయం మీద బర్నార్డ్ జాబితాలోని 30, 35 సంఖ్యల నల్లని మేఘాలలో మాత్రం పసినక్షత్రాలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. 2022లో వెలువడిన మరో పరిశోధన సూర్యుని చుట్టుపక్కలకే ఈ సంగతిని అన్వయించింది. సూర్యుడు ఇప్పుడు సంచరిస్తున్నది వేయి కాంతి సంవత్సరాల వెడల్పు గల పలచని బుడగలో. సుమారు కోటీ నలభై లక్షల ఏళ్ల కిందట మొదలైన సూపర్‌నోవాలు దాన్ని ఊదగా, మనకు దగ్గరి నక్షత్ర జన్మస్థానాలన్నీ ఇప్పుడు ఆ బుడగ పెంకు మీదే ఉన్నాయి. అయితే పెంకు మీద ఉన్న పసినక్షత్రం ఆ నెట్టుడు వల్లే పుట్టిందని తేల్చడం కష్టం. నెట్టుడు లేకపోయినా అక్కడి మేఘం తనంతట తాను కుంగి ఉండేదేమో ఎవరు చెప్పగలరు? పుట్టించిన లెక్కా, పుట్టకుండా ఆపిన లెక్కా వేసి చూస్తే, నక్షత్రాలు మేఘానికి చేసే మేలు కంటే కీడే ఎక్కువన్న పక్షానికే ప్రస్తుతం సాక్ష్యం మొగ్గుతున్నది.

ఈ పోరులో మేఘంతోపాటు గ్రహాల భవిష్యత్తూ చిక్కుకొని ఉంది. 1990ల మొదట్లో రాబర్ట్ ఓడెల్ బృందం హబుల్‌తో ఓరియన్ నీహారికను పరిశీలించినప్పుడు, చిన్న నక్షత్రాల చుట్టూ ఉన్న ధూళి పళ్లేలు కొన్ని నల్లని నీడలుగానూ, మరికొన్ని తీటా-1 సి వైపు మెరిసే తలలతో, అవతలికి సాగిన తోకలతోనూ కనిపించాయి. ఆ తోకలు పళ్లెం కరిగిపోతున్న ఆనవాళ్లు. వెబ్ దూరదర్శిని ఓరియన్ కడ్డీ దగ్గరి డి203-506 అనే పళ్లేన్ని పరిశీలించినప్పుడు, సూర్యునిలో పదో వంతు ద్రవ్యరాశి గల నక్షత్రం చుట్టూ ఉన్న ఆ పళ్లెం నుంచి వాయువు ఎంత వేగంగా ఎగిరిపోతున్నదో కొలవగలిగారు. అదే వేగంతో సాగితే పది లక్షల సంవత్సరాలలోపే వాయువు తరిగిపోయి, గురుగ్రహం వంటి పెద్ద వాయుగ్రహం ఏర్పడే అవకాశం అక్కడ మిగలదని 2024లో ప్రకటించారు. విచిత్రమేమంటే, అంతకు ఏడాది ముందు అదే పళ్లెంలో, అదే అతినీలలోహిత కిరణాల చలువతో తయారైన మిథైల్ అయాన్‌ను మొదటిసారి గుర్తించారు. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లతో కూడిన ఈ ఆవేశిత అణువు సంక్లిష్టమైన కార్బన్ రసాయనశాస్త్రానికి ముఖద్వారమని 1970ల నుంచి సిద్ధాంతకారులు చెబుతూ వస్తున్నారు.

సూర్యుడు కూడా ఇటువంటి రద్దీ గుంపులోనే పుట్టి ఉండవచ్చునన్న అనుమానానికి ఆధారం ఉల్కలలో దొరికింది. 1969లో మెక్సికోలో పడిన అయెందే ఉల్కలోని తెల్లని గింజలలో మెగ్నీషియం-26 ఉండవలసినదాని కంటే ఎక్కువగా ఉందని 1976లో కాలిఫోర్నియాలోని పరిశోధకులు చూపారు. అది అల్యూమినియం-26 క్షీణించి మిగిల్చినది. ఆ అల్యూమినియం ప్రతి ఏడు లక్షల ఏళ్లకు సగమైపోతుంది కాబట్టి, సౌరకుటుంబం గట్టిపడడానికి కొద్దికాలం ముందే ఎక్కడో భారీ నక్షత్రంలో తయారై మన మేఘంలోకి చేరి ఉండాలి. అది పేలుడుతో వచ్చిందా, లేక ఇంకా పేలని భారీ నక్షత్రం గాలితో కొట్టుకొచ్చిందా అన్నదే ఇప్పటి వాదం. గాలి పక్షం వారు, మన సూర్యుడు అటువంటి నక్షత్రం ఊదిన బుడగ పెంకులోనే పుట్టి ఉంటాడని అంటున్నారు.